నాలుగు కెపాసిటర్లు, ఒక ఎర్రబడ్డ ప్లేటు

గదిలో లైటు ఆర్పేసి పాటలు వింటున్నాను కాబట్టి కనబడింది. లేకపోతే ఇంకెన్ని రోజులు అలాగే నడిపేవాడినో. నా పాత ట్యూబ్ యాంప్ కుడి చానల్లో ఉన్న రెండు ఈఎల్34 అవుట్‌పుట్ ట్యూబుల్లో వెనకదాని ప్లేటు మీద, అంటే లోపల కరెంటుని అందుకునే రేకు మీద, అతుకు పక్కన, బొటనవేలి గోరంత మేర ఎర్రగా ఉంది. హీటరు నారింజ వెలుగు కాదు, అది నాలుగు ట్యూబుల్లోనూ ఉండేదే. ఇది బూడిదరంగు ప్లేటు తానే కాలి ఎర్రబడటం. పరుగున వెళ్లి స్విచ్ ఆపేశాను. ఆపేసి చీకట్లో కాసేపు అలాగే నిలబడ్డాను, ఎందుకంటే ఆ యాంప్ కోసమే బొటనవేలంత లావున్న ఆయిల్ కెపాసిటర్లు నాలుగు ఆర్డర్ పెట్టి అప్పటికి మూడు రోజులైంది.

ఎందుకు పెట్టానంటే, బేస్ వదులుగా ఉంది, కుడి స్పీకర్లో సన్నగా హమ్ వస్తోంది, మొత్తం మీద శబ్దంలో ఏదో మందకొడితనం. పాత యాంప్ కదా, ఒక స్టేజీ నుంచి ఇంకో స్టేజీకి పాటని పంపే కప్లింగ్ కెపాసిటర్లు మంచివి వేస్తే తెర తొలగినట్టు ఉంటుందని ట్యూబ్ యాంప్ ఉన్న ప్రతివాళ్లూ చెప్పేదే. నేనూ నమ్మాను. ఏ కంపెనీది వెచ్చగా వినిపిస్తుంది, ఏది పలచగా వినిపిస్తుంది, రాగి రేకు మంచిదా వెండి రేకు మంచిదా అని రాత్రుళ్లు కూర్చుని చదివాను. ఇప్పుడు యాంప్‌లో ఉన్న కెపాసిటర్లు బాగున్నాయో లేదో ఒకసారి మీటర్ పెట్టి చూద్దామన్న ఆలోచన మాత్రం ఒక్కరోజు కూడా రాలేదు.

మర్నాడు యాంప్ బోర్లించి అడుగు రేకు విప్పాను. ముందుగా ఒక మాట. ట్యూబ్ యాంప్ లోపల స్విచ్ ఆపిన తర్వాత కూడా కరెంటు దాచుకుని ఉంటుంది. 50 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 400 వోల్టుల దగ్గర 4 జౌళ్ల శక్తి పట్టి ఉంచుతుంది, అది చేతి నుంచి గుండె మీదుగా పోతే చాలు. ప్లగ్ పీకాలి, పదివేల ఓమ్‌ల పది వాట్ల రెసిస్టర్‌కి తొడుగున్న క్లిప్పులు కట్టి మెయిన్ కెపాసిటర్ రెండు కొసలకీ తగిలించాలి, తర్వాత మీటర్‌తో చూసుకోవాలి. చూసి, రెసిస్టర్ తీసేసి, ఒక నిమిషం ఆగి మళ్లీ చూడండి. సున్నా అయిన కెపాసిటర్ తనంతట తాను మళ్లీ కొన్ని వోల్టులు పైకి లేస్తుంది. నాది ఒకసారి 18 దాకా లేచింది. అందుకే పని చేసినంతసేపూ ఆ రెసిస్టర్ అక్కడే ఉంచేస్తాను.

సరే, ఎర్రబడ్డ ప్లేటు సంగతి. ఈ యాంప్‌లో అవుట్‌పుట్ ట్యూబుల గ్రిడ్డుకి మైనస్ 36 వోల్టుల బయాస్ వస్తుంది. ఆ మైనస్ వోల్టేజీయే ట్యూబు ఎంత కరెంటు లాగాలో అదుపులో పెడుతుంది. గ్రిడ్డుకి ముందు కప్లింగ్ కెపాసిటర్ ఉంటుంది, దానికి అవతల ముందు స్టేజీ ట్యూబు ప్లేటు, అక్కడ 300 వోల్టులు. కెపాసిటర్ చెయ్యాల్సిన పని ఒకటే: పాటని ఇవతలికి పంపాలి, ఆ 300 వోల్టుల్ని అవతలే ఆపాలి. పాట పంపడంలో పాత కెపాసిటర్ కూడా పెద్దగా తేడా చెయ్యదు. ఆపడంలోనే మోసం చేస్తుంది.

నాలుగు అవుట్‌పుట్ ట్యూబులూ పీకేసి, ఆన్ చేసి, ఒక్కో సాకెట్ దగ్గర ఐదో పిన్ను మీద, అంటే గ్రిడ్డు దగ్గర, వోల్టేజీ చూశాను. ట్యూబు ఎందుకు పీకాలంటే, కొన్నిసార్లు ట్యూబే చెడిపోయి గ్రిడ్డుని పైకి లాగుతుంది, అప్పుడు తప్పు ట్యూబుదా కెపాసిటర్‌దా తేలదు. మూడు సాకెట్ల దగ్గర మైనస్ 36 అటూ ఇటూగా ఉంది. నాలుగోదాని దగ్గర మైనస్ 35. ఒక్క వోల్టు తేడాకి ప్లేటు ఎర్రబడుతుందా అనుకుని, ఆపకుండా అరగంట వదిలేశాను. ఛాసిస్, అంటే యాంప్ లోహపు ఒళ్లు, వేడెక్కిన కొద్దీ 34.6, 34.1, 33.5 అని దిగుతూ వచ్చి మైనస్ 33 దగ్గర ఆగింది.

3 వోల్టులు. చూడ్డానికి ఏమీ కాదు. గ్రిడ్డు రెసిస్టర్ 220 కిలోఓమ్‌లు, దాని మీద 3 వోల్టులు పడుతున్నాయంటే లీకవుతున్నది 14 మైక్రోఆంపియర్ల లోపే. కెపాసిటర్ లోపల ఇన్సులేషన్ 24 మెగాఓమ్‌లకి పడిపోయిందన్నమాట. మామూలు మల్టీమీటర్‌తో ఓమ్స్‌లో పెట్టి చూస్తే, అదీ చల్లగా ఉన్నప్పుడు, ‘ఓపెన్’ అనో ఏదో పెద్ద అంకెనో చూపించి ఊరుకుంటుంది. కానీ ఈఎల్34 కి గ్రిడ్డు మీద ఒక్క వోల్టు తేడా వస్తే కరెంటు 6 నుంచి 10 మిల్లీఆంపియర్లు మారుతుంది. 45 మిల్లీఆంపియర్ల దగ్గర ఉండాల్సిన ట్యూబు 70 దాటుతోంది. 410 వోల్టుల ప్లేటు మీద 70 అంటే దగ్గర దగ్గర 29 వాట్లు, ఆ ట్యూబు ప్లేటు తట్టుకోగలిగింది 25. ఎర్రబడక ఏం చేస్తుంది!

ఇంకో ముచ్చట కూడా ఇక్కడే తేలింది. పుష్-పుల్ యాంప్‌లో, అంటే ట్యూబులు జతగా ఎదురెదురుగా పనిచేసే యాంప్‌లో, రెండు ట్యూబులూ ఒకే కరెంటు లాగితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, పవర్ సప్లైలో మిగిలిన అలలు కూడా అలాగే కొట్టుకుపోతాయి. ఒకటి 45, ఒకటి 70 లాగుతుంటే ఆ కొట్టివేత పోతుంది. హమ్ స్పీకర్లోకి వస్తుంది. కోర్ ఒకవైపుకి అయస్కాంతమై ఉండిపోతుంది, దాంతో ముందుగా దెబ్బతినేది బేస్. అంటే నేను ఆయిల్ కెపాసిటర్ల పేర్లు వల్లెవేస్తూ వెతుకుతున్న బిగువైన బేస్, లేని హమ్, రెండూ ఈ 14 మైక్రోఆంపియర్ల దగ్గరే తప్పిపోయాయి.

ఆ కెపాసిటర్‌ని తీసి బల్ల మీద పెట్టి మళ్లీ చూశాను. ఒక కొసకి 300 వోల్టుల డీసీ, ఇంకో కొస నుంచి మీటర్ ద్వారా గ్రౌండ్‌కి. మామూలు డిజిటల్ మీటర్ లోపలి రెసిస్టెన్స్ 10 మెగాఓమ్‌లు ఉంటుంది, అదే మన కొలబద్ద. మంచి కెపాసిటర్ అయితే మొదట ఒక్కసారి అంకె ఎగిరి, దిగుతూ దిగుతూ సున్నాకి ఆనుకుంటుంది. ఇది 36 వోల్టుల దగ్గర ఆగింది. హెయిర్ డ్రయ్యర్ తెచ్చి గాలి కొట్టాను, 50, 65, 80 అని లేచింది. బయట చూస్తే పగులు లేదు, ఏదీ కారిన మరక లేదు, ఒంటి మీది రంగు చారలు కూడా వెలవలేదు. లోపల కాగితం. కాగితం తేమని పీల్చుకుంటుంది, ప్లాస్టిక్ తొడుగూ మైనమూ దాన్ని కొన్నేళ్లే ఆపగలవు. 1950ల నాటి కాగితం కెపాసిటర్లు ఎంత అందంగా ఉన్నా, ఎంత పేరున్నవైనా, అవుట్‌పుట్ ట్యూబు గ్రిడ్డు ముందు మాత్రం ఉంచకండి. ఆ చారలవాటి మీద అభిమానం ఉన్నవాళ్లు నన్ను తిట్టుకుంటారు, ఫర్వాలేదు.

ఇప్పుడు దాని బదులు ఏది వెయ్యాలి? అసలు రాద్దామనుకున్నది ఇదే.

విలువ ముందు. పాత స్కీమాటిక్‌లో, అంటే సర్క్యూట్ బొమ్మలో, 0.1 మైక్రోఫారడ్ ఉంటే 0.1 వెయ్యండి. 0.05 ఉంటే 0.047, 0.02 ఉంటే 0.022, 0.25 ఉంటే 0.22, ఇవన్నీ ఒకటే లెక్క, ఆ చిన్న తేడా గురించి టెన్షన్ అక్కర్లేదు. పాత డ్రాయింగుల్లో ఎమ్ఎఫ్‌డీ అనో ఎమ్ఎఫ్ అనో రాసి ఉంటే అది మైక్రోఫారడే. రెండు ఎమ్‌లు ఉంటే పికోఫారడ్.

‘ఎలాగూ మారుస్తున్నాం కదా, కొంచెం పెద్దది వేస్తే బేస్ పెరుగుతుంది’ అనే ఆలోచన అందరికీ వస్తుంది. నాకూ వచ్చింది, ఇంకో యాంప్ మీద చాన్నాళ్ల క్రితం. 0.1 తీసి 0.47 వేశాను. వేసి ఆన్ చేస్తే పాట లేకుండానే వూఫర్ కోన్ ముందుకీ వెనక్కీ మెల్లగా ఊగుతోంది, నిద్రపోతున్న మనిషి ఛాతీలా. చెవికి ఏమీ వినపడదు, కంటికి కనబడుతుంది. లెక్క చూస్తే 0.1 మైక్రోఫారడ్, 220 కిలోఓమ్‌లు కలిస్తే 7.2 హెర్ట్జ్ దగ్గర కింది కోత మొదలవుతుంది, అంటే అంతకంటే కింది శబ్దాలు తగ్గిపోతాయి. మనిషి చెవికి 20 కింద పనేముంది? దాన్ని 1.5 హెర్ట్జ్‌కి దించి నేను సంపాదించిన బేస్ ఏమీ లేదు. పైగా యాంప్ చుట్టూ ఫీడ్‌బ్యాక్ ఉంటుంది, అంటే బయటికి వచ్చేదాంట్లో కొంత వెనక్కి తెచ్చి మళ్లీ మొదట్లో కలపడం. ఒక్కో స్టేజీ కోత ఒక్కోచోట ఉండేలా దూరం దూరంగా పెట్టి డిజైన్ చేసినవాడు దాన్ని నిలకడగా ఉంచుతాడు. మనం వెళ్లి ఒకదాన్ని కదిపి ఇంకోదాని పక్కన కూర్చోబెడితే ఇలా ఊగిసలాట మొదలవుతుంది.

ఇంకొకటి కూడా ఉంది. పాటలో ఒక్కసారిగా పెద్ద దెబ్బ వచ్చి అవుట్‌పుట్ ట్యూబు గ్రిడ్డు కరెంటు తీసుకుందనుకోండి, కప్లింగ్ కెపాసిటర్ అదనంగా చార్జ్ అయి కాసేపు ట్యూబుని నొక్కి పట్టేస్తుంది. 0.1 తో ఆ ‘కాసేపు’ 22 మిల్లీసెకన్ల లెక్కలో ఉంటుంది, 1 మైక్రోఫారడ్ వేస్తే 220. డప్పు దెబ్బ పడ్డాక గొంతు ఒక క్షణం మింగేసినట్టు అవుతుంది. పెద్దది వేసి బేస్ బాగుందనుకుని, సౌండ్ పెంచినప్పుడు ఎందుకు బురదగా ఉందో అర్థంకాక మళ్లీ ట్యూబులు మార్చినవాళ్లని చూశాను.

విలువ అయ్యాక వోల్టేజీ. కెపాసిటర్ మీద రాసి ఉండాల్సిన అంకె పాట నడుస్తున్నప్పటి వోల్టేజీ కాదు, స్విచ్ వేసిన మొదటి అర నిమిషంలో వచ్చేది. ట్రాన్స్‌ఫార్మర్ 330-0-330 అయితే శిఖరం 467 వోల్టులు. ట్యూబులు వేడెక్కి కరెంటు లాగడం మొదలుపెడితే అది 410కి దిగుతుంది. అంతవరకూ, ఏసీని డీసీ చేసే రెక్టిఫైయర్‌గా డయోడ్ ఉన్న యాంప్‌లో, మొత్తం వోల్టేజీ అన్నిచోట్లా నిలబడి ఉంటుంది. జీజడ్34 లాంటి ట్యూబు రెక్టిఫైయర్ మెల్లగా వేడెక్కుతుంది కాబట్టి కొంత నయం. కానీ పైన చెప్పానే, అవుట్‌పుట్ ట్యూబులు పీకి ఆన్ చేశానని, అప్పుడు చూస్తే హెచ్‌టీ లైన్, అంటే ట్యూబులకి వెళ్లే పెద్ద వోల్టేజీ, 480 ఉంది. లోడు లేదు కదా మరి. 450 వోల్టుల మెయిన్ కెపాసిటర్లు వేసి ఉంటే ఆ పరీక్షలోనే పోయే ప్రమాదం ఉండేది. కప్లింగ్‌కి నేను కళ్లు మూసుకుని 630 వోల్టులవి తీసుకుంటాను. 400 రాసున్నది 300 దగ్గర బతికేస్తుందని వాదించొచ్చు, ముందు స్టేజీ ట్యూబు చల్లగా ఉన్నప్పుడు దాని ప్లేటు కూడా హెచ్‌టీ అంత ఎత్తులోనే ఉంటుందని మరచిపోతే.

ఇక అందరూ కొట్టుకునే విషయం, లోపల ఏ పదార్థం ఉండాలి అని. నాకు తెలిసింది ఇది. పాలియెస్టర్ చవక, చిన్నది, గట్టిది. పాత బ్రిటిష్ యాంపుల్లో కనిపించే పసుపుపచ్చ మల్లార్డ్‌లు పాలియెస్టరే, చాలావరకు ఇప్పటికీ లీక్ లేకుండా ఉంటాయి, బాగున్నవాటిని పీకకండి. పాలీప్రొపిలీన్ అంతకంటే పెద్దది, కానీ లోపల పోగొట్టే శక్తి పాలియెస్టర్‌లో పదోవంతు కూడా ఉండదు, లీకేజీ దాదాపు లేనట్టే. ఆయిల్‌లో ముంచిన కాగితం అందరికీ ఇష్టం, కానీ సీలు సరిగ్గా లేకపోతే మళ్లీ తేమ కథే. టెఫ్లాన్ చాలా మంచిది, చాలా పెద్దది, జేబుకి మాత్రం చిల్లు. సిరామిక్‌లో ఎక్స్7ఆర్ లాంటివి శబ్దం వెళ్లే దారిలో వద్దు, వోల్టేజీతో పాటు వాటి విలువే మారుతుంది, గోరుతో తడితే మైకులా మోగేవి కూడా ఉంటాయి. ఎన్‌పీ0 రకం సిరామిక్, సిల్వర్ మైకా, ఇవి ఫీడ్‌బ్యాక్ దగ్గర పికోఫారడ్లలో కూర్చుని ఉంటాయి, అవి చెడిపోవడం అరుదు, ముట్టుకోకండి.

శబ్దం తేడా ఉంటుందా? ఆయిల్ కెపాసిటర్లు ఎలాగూ వచ్చాయి కదా, వదలబుద్ధి కాలేదు. ఎడమ చానల్లో ఆయిల్ వేశాను, కుడిలో సాదాసీదా పాలీప్రొపిలీన్. ఒకే మోనో పాటని రెండింటికీ ఇచ్చి, ఒకే స్పీకర్‌ని అటూ ఇటూ మారుస్తూ విన్నాను. నేనే మార్చి నేనే వింటే ఆయిల్ స్పష్టంగా గెలిచింది, గొంతు మెత్తగా, తబలా చర్మం మీద వేలు ఆనినట్టు, అబ్బో. తర్వాత ఒక మిత్రుడిని కూర్చోబెట్టి, ఏది పెట్టాడో నాకు చెప్పకుండా మార్చమన్నాను. బొమ్మా బొరుసూ వేసినట్టే వచ్చింది ఫలితం. ఒకసారి వాడు అసలు మార్చకుండానే మార్చినట్టు నటించాడు, నేను దానికీ రెండు నిమిషాలు విశేషణాలు చెప్పాను. ఇది నా చెవి, నా స్పీకర్, నా యాంప్. మీకు వినపడుతుంటే వినపడుతుంది. కానీ వంద గంటలు నడిస్తే ఫిల్మ్ కెపాసిటర్ ‘విచ్చుకుంటుంది’ అనే మాట నేను నమ్మను. ఆ వంద గంటల్లో అలవాటు పడేది మనమే.

ఆ పోటీలో ఆయిల్‌ని ఓడించింది చివరికి శబ్దం కాదు, పొడవు. 5 సెంటీమీటర్ల శాల్తీ, ట్యూబు సాకెట్ల మధ్య పట్టదు. తీగలు పొడిగించి పక్క గోడకి ఆనించి కట్టాల్సొచ్చింది. అలా హెచ్‌టీ తీగకీ హీటరు తీగలకీ మధ్య పెద్ద లోహపు గొట్టం వేలాడేస్తే అది యాంటెన్నాలా పనిచేస్తుంది, ఎడమ చానల్లో అంతకుముందు లేని సన్నటి గీ శబ్దం వచ్చింది. పైగా పవర్ ట్యూబు సాకెట్ పక్కన వేడికి పాలీప్రొపిలీన్ కూడా ఇష్టపడదు, చాలావాటికి హద్దు 85 నుంచి 105 డిగ్రీలే. కాబట్టి ఆర్డర్ పెట్టేముందు స్కేలు తీసి చోటు కొలవండి. తీగలు రెండు చివరల నుంచీ వచ్చే యాక్సియల్ రకం టాగ్ బోర్డు మీద, అంటే భాగాలు అతికించే పలక మీద, చక్కగా పడుకుంటుంది, రెండూ ఒకేవైపు ఉండే రేడియల్ రకం అయితే ఒక తీగని తొడుగు వేసి లాగాలి.

బయటి రేకు సంగతి కూడా ఒకటుంది. చుట్టిన కెపాసిటర్‌లో ఒక కొస బయటి పొరకి కలిసి ఉంటుంది, ఆ కొసని ముందు స్టేజీ ప్లేటు వైపు పెడితే ఆ పొరే లోపలి పొరకి గొడుగు పడుతుంది. మీద గీత ఉన్న వైపే బయటి రేకు అనుకోకండి, కొత్తవాటిలో ఆ గీతకి అర్థం ఉండాలని లేదు. ఆసిలోస్కోప్ ప్రోబ్ ఒక కొసకి, గ్రౌండ్ క్లిప్ ఇంకో కొసకి పెట్టి కెపాసిటర్ ఒంటిని వేళ్లతో గట్టిగా పట్టుకోండి, తెర మీద హమ్ కనబడుతుంది. కొసలు మార్చి మళ్లీ చూడండి. హమ్ తక్కువగా ఉన్నప్పుడు గ్రౌండ్ క్లిప్ ఎటుందో అది బయటి రేకు. ఖర్చు లేని అప్‌గ్రేడ్ ఏదైనా ఉందంటే ఇదే.

ఇప్పుడు ఎలక్ట్రోలైటిక్‌లు. వీటి గురించి గొప్పలు చెప్పుకునేవాళ్లు తక్కువ, ముందు మార్చాల్సినవి మాత్రం ఇవే. లోపల ఉండే ద్రవం ఏళ్ల తరబడి వేడికి ఆరిపోతుంది, వాడకుండా మూల పడేస్తే ఆక్సైడ్ పొర పలచబడి లీకవుతుంది. వాడినా పోతాయి, వాడకపోయినా పోతాయి! అందుకే పెట్టె విప్పని పాత స్టాకు ఎలక్ట్రోలైటిక్ దొరికిందని మురిసిపోవద్దు. కొత్తవే కొనండి, 105 డిగ్రీలవి. ఇక్కడ లెక్క సులువు, పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు సుమారుగా రెట్టింపు. 105 దగ్గర 5000 గంటలు అని రాసి ఉన్నది 65 దగ్గర 80000 గంటలు నడుస్తుంది. 85 డిగ్రీలు, 2000 గంటలు అని రాసున్నది అదే చోట 8000 గంటలే. ఒకే విలువ, ఒకే వోల్టేజీ, పది రెట్లు తేడా.

ఎంత పెద్దది వెయ్యొచ్చు అన్నదానికి హద్దు రెక్టిఫైయర్ ట్యూబు చెబుతుంది. జీజడ్34 తర్వాత వచ్చే మొదటి కెపాసిటర్ 60 మైక్రోఫారడ్లు దాటకూడదు, ఈజడ్81 అయితే 50. నేను 220 వేద్దామనుకున్నాను ఒకప్పుడు, హమ్ చచ్చిపోతుందని. పెద్ద కెపాసిటర్ ప్రతి అల శిఖరం దగ్గర ఒక్క గుక్కలో కరెంటు లాగుతుంది, ఆ గుక్క ట్యూబు కాథోడ్‌ని, అంటే లోపల వేడెక్కి ఎలక్ట్రాన్లని వదిలే భాగాన్ని, దెబ్బతీస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్‌ని వేడెక్కిస్తుంది. ఇంకా శుభ్రంగా కావాలంటే పెంచాల్సింది చోక్ (అలల్ని అణిచే తీగచుట్ట) తర్వాత ఉన్నదాన్ని. నా యాంప్‌లో మొదటిది 50 ఉండేది, 47 వేశాను, 500 వోల్టులది. 500 వోల్టులవి దొరకడం కష్టమైతే 350 వోల్టుల 100 మైక్రోఫారడ్లవి రెండు వరసగా కలపండి, 50 అవుతుంది, 700 తట్టుకుంటుంది. రెండింటికీ అడ్డంగా చెరొక 220 కిలోఓమ్‌ల రెసిస్టర్ తప్పనిసరి, లేకపోతే వోల్టేజీ సమానంగా పంచుకోవు, బలహీనమైనది ముందు పోతుంది. ఆ రెసిస్టర్లే స్విచ్ ఆపాక చార్జిని దించేస్తాయి కూడా.

హమ్ విని ఫిల్టర్ కెపాసిటర్ పోయిందని వెంటనే తేల్చెయ్యకండి. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట ఫిల్టర్ సరిగ్గా లేకపోతే వచ్చేది 100 హెర్ట్జ్, కొంచెం గరగరలాడే బజ్. గుండ్రంగా, మెత్తగా 50 హెర్ట్జ్ వస్తుంటే హీటరు తీగల వైపో, గ్రౌండ్ వైరింగ్ వైపో చూడాలి. నాది 100. అయినా తప్పు ఫిల్టర్‌ది కాదు, పైన చెప్పాను కదా.

డబ్బా కెపాసిటర్ ఉంటే, అంటే ఒకే డబ్బాలో మూడు నాలుగు భాగాలు, అదే కొలతలో కొత్తది దొరికితే అదే వెయ్యండి. డైనాకో ఎస్‌టీ-70 అనే పాత యాంప్‌లో ఉండే 30-20-20-20 లాంటివి ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి. దొరక్కపోతే పాత డబ్బాని అందం కోసం పైన ఉంచి, కింద విడివిడి కెపాసిటర్లు కట్టండి, కానీ పాత డబ్బా తీగలన్నీ విప్పెయ్యాలి. పాతదాని మీదే కొత్తది అడ్డంగా అతికించి పని అయిందనిపించడం, రిపేరుకి వచ్చిన యాంపుల్లో చాలాసార్లు చూశాను, లీకయ్యేది లోపల లీకవుతూనే ఉంటుంది.

బయాస్ కెపాసిటర్. మొత్తం యాంప్‌లో అన్నిటికంటే చిన్నదీ చవకైనదీ అదే, అది పోతే నాలుగు అవుట్‌పుట్ ట్యూబులూ ఒకేసారి ఎర్రబడతాయి. దాన్ని మార్చేటప్పుడు నేను చేసిన వెధవ పని చెబుతాను. చెయ్యి అలవాటు ప్రకారం మైనస్ కొసని ఛాసిస్‌కి వేసి అతికించేశాను. బయాస్ సప్లై మైనస్ వోల్టేజీ కదా, అక్కడ ప్లస్ కొస ఛాసిస్‌కి వెళ్లాలి. ట్యూబులు లేకుండా ఆన్ చేసి ఆ కెపాసిటర్ దగ్గర చూస్తే మైనస్ 50 ఉండాల్సిన చోట మైనస్ 9, అదీ సున్నా వైపు జారుతోంది. కెపాసిటర్ మీద వేలు పెడితే గోరువెచ్చగా ఉంది, దగ్గరికి వంగితే సన్నగా ‘సీ’ అంటోంది. ట్యూబులు పెట్టి ఆన్ చేసి ఉంటే ఈ పోస్టు వేరేలా ఉండేది. అప్పట్నుంచీ బయాస్ చూడకుండా ఒక్క అవుట్‌పుట్ ట్యూబు కూడా సాకెట్లో పెట్టను. పాత సెలీనియం రెక్టిఫైయర్ తీసి డయోడ్ వేస్తే బయాస్ కొంచెం పెరుగుతుంది, దాన్నీ సరిచూసుకోవాలి.

కాథోడ్ బైపాస్‌లు తేలిక. 12ఏఎక్స్7 కింద 1.5 కిలోఓమ్‌ల రెసిస్టర్‌కి అడ్డంగా 25 మైక్రోఫారడ్లు ఉంటే 22 వేసెయ్యండి, అక్కడ ఉండేది వోల్టున్నర. కరెంటు వచ్చే ప్లగ్ దగ్గర పారదర్శకమైన పసుపు ఒంట్లో పగుళ్లు బారిన కాగితం కెపాసిటర్ కనబడితే ఆలోచించకుండా తీసెయ్యండి, ఒకరోజు పొగ నింపేస్తుంది గది అంతా. రెండు మెయిన్ తీగల మధ్య ఎక్స్2 అనే భద్రతా రకం, మెయిన్ నుంచి ఛాసిస్‌కి అయితే వై2 రకం మాత్రమే. ఇక్కడ 630 వోల్టుల మామూలు ఫిల్మ్ వేస్తే కుదరదు, అది షార్ట్ అయితే ఛాసిస్ మొత్తానికి కరెంటు వస్తుంది.

అన్నీ అయ్యాక మెయిన్ లైన్లో 100 వాట్ల ఫిలమెంట్ బల్బుని వరసలో పెట్టి మొదటిసారి ఆన్ చేశాను. బల్బు ఒక్కసారి వెలిగి మందగించింది. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ అని అర్థం. బల్బు తీసి, బయాస్ మైనస్ చివరికి తిప్పి, ట్యూబులు పెట్టి, ఒక్కొక్కటీ 45 మిల్లీఆంపియర్లకి తెచ్చాను. కాథోడ్ దగ్గర 10 ఓమ్‌ల రెసిస్టర్ ఉంది కాబట్టి మీటర్లో 0.45 వోల్టులు. అరగంట తర్వాత చూశాను, గంట తర్వాత చూశాను. ఎర్రబడ్డ ట్యూబు కూడా బతికే ఉంది, పక్కదానికంటే ఒక మిల్లీఆంపియర్ తక్కువ లాగుతోంది, అంతే.

కుడి స్పీకర్ దగ్గర చెవి ఆనించాను. హమ్ లేదు. బేస్ మునుపటిలా వదులుగా లేదు, తీగ బిగించినట్టు ఆగాల్సిన చోట ఆగుతోంది. రెండు చానళ్లలోనూ ఇప్పుడున్నవి సాదా పాలీప్రొపిలీన్‌లే, 630 వోల్టులవి. ఆయిల్ కెపాసిటర్లు నాలుగూ వాటి పెట్టెలోనే ఉన్నాయి. వాటి పక్కనే ఆ చారల పాతది కూడా ఉంచాను, ఎవరైనా ఏ కెపాసిటర్ వెయ్యమంటారని అడిగితే ముందు దానికి 300 వోల్టులు ఇచ్చి హెయిర్ డ్రయ్యర్‌తో గాలి కొట్టి చూపిస్తున్నాను.